నాన్నగారి రెండో తాళం

"ఆ నలభై ఎనిమిది అంకెలూ చెప్పండి మేడమ్. అవి లేకపోతే బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఇది తెరుచుకోదు."

అమీర్‌పేట సందులో, మెట్ల కింద అగ్గిపెట్టెంత కొట్లో కూర్చున్న కుర్రాడు ఈ మాట అంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ల్యాప్‌టాప్ పాడైందని తీసుకెళ్ళాను. లోపలి బోర్డు కాలిపోయిందన్నాడు, కొత్తది వేశాడు. తెర వెలిగింది. హమ్మయ్య అనుకునేలోపే నీలం రంగు తెర మీద ఒక ప్రశ్న... నలభై ఎనిమిది అంకెల తాళంచెవి ఏదీ అని.

"బాబూ, ఇది నాదే. బిల్లు కూడా ఉంది" అన్నాను, బిల్లు చూపిస్తే యంత్రం నమ్ముతుందన్నట్టు.

"మీదేనని నాకు తెలుసు మేడమ్. దానికి తెలీదు. లోపలి చిప్ మారిపోయింది కదా!"

అందులో నేను రాసుకున్న కథలు పోతే పోనీ అనుకుందును. కథలు మళ్ళీ రాసుకోవచ్చు. కానీ నాన్నగారు పోయే ముందు రెండేళ్ళపాటు, సాయంత్రం కాఫీలయ్యాక చెప్తూ ఉంటే నేను టైపు చేసుకున్న అరవై పేజీలు అందులో ఉన్నాయి. ఒక చిన్న ఊరి బ్యాంకు శాఖలో గుమాస్తాగా చేరి హెడ్ క్యాషియర్‌గా రిటైరైన మనిషి జీవితం. దానికి మరో ప్రతి లేదు. ఆయనా లేరు.

కొట్టు మెట్లు దిగి మెట్రో స్టేషన్ వైపు నడుస్తుంటే ఒకటే ఆలోచన. నా వస్తువు నన్నే ఎవరివి నువ్వు అని అడిగే రోజు ఎలా వచ్చింది? ఎవరు తెచ్చారు? బి.ఏ. చరిత్ర చదివినదాన్ని. మెషీను నాకు అర్థం కాకపోవచ్చు గానీ, దాని చరిత్రయినా అర్థం కాకపోతుందా అని పట్టుదల పుట్టింది. ఈ నాలుగు ముక్కలూ ఆ పట్టుదల ఫలితమే.

*

అమీర్‌పేట పేరు పైగా ప్రభువుల అమీర్-ఎ-కబీర్ బిరుదు మీదుగా వచ్చిందంటారు. దాని పక్కనున్న పంజాగుట్ట పేరు ఇంకా ముచ్చటైనది. పంజా అంటే అయిదు వేళ్ళూ విప్పిన అరచెయ్యి. అక్కడి గుట్ట మీద ఒక పవిత్రమైన చేతి గుర్తు ఉండేదనీ, అందుకే ఆ పేరనీ పెద్దవాళ్ళు చెప్తారు. ఇప్పుడు గుట్టెక్కడ, పంజా ఎక్కడ! ఫ్లయ్ ఓవరూ, నగల కొట్లూ, నిమ్స్ ఆస్పత్రి ముందు బారులు తీరిన ఆటోలూను. కానీ నాకు ఆ పేరు వింటే ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది. మనిషి "ఇది నేనే, నమ్ము" అని చెప్పడానికి మొట్టమొదట వాడుకున్నది తన చేతినే కదా అని.

కథ కాదు, చరిత్రే. 1858 జులైలో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి రోడ్డు కంకర సరఫరాకి రాజ్యధర్ కోనాయ్ అనే కంట్రాక్టరుతో ఒప్పందం రాయించుకున్నాడు. రేపు ఇతగాడు 'ఈ సంతకం నాది కాదు' అంటేనో? అందుకని అతని అరచేతికి సిరా పూసి కాగితం వెనక అద్దించాడు. అతన్ని కాస్త బెదరగొట్టడానికే ఆ పని చేశాడట గానీ, వేలిముద్రల శాస్త్రానికి అది పునాదిరాయి అయింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. దాని వెనకాల అసలు లెక్కలు కట్టినవాళ్ళు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్ళిద్దరు. పేరు మాత్రం వాళ్ళ పై అధికారి హెన్రీది. ఇంట్లో వంట ఎవరు చేసినా వడ్డించిన వాళ్ళకే పేరు రావడం మనకి కొత్తా!

అయితే చేతిముద్రకి ఒక లోపం ఉంది. పదిమంది కంటికీ కనిపించే గుర్తుని పదకొండోవాడు దించుకోవచ్చు. 2018లో మన తెలంగాణలోనే జరిగింది. భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రల్ని కంప్యూటర్లోంచి దించుకుని, వాటితో రబ్బరు ముద్రలు తయారుచేసి, ఎవరెవరి పేర్ల మీదో సిమ్ కార్డులు తీసిన ఒక మనిషిని పోలీసులు పట్టుకున్నారు. పొలం అమ్మినప్పుడు వేసిన నిశాని, మనిషికి తెలియకుండా ఊరి మీద పడి తిరిగిందన్నమాట.

కాబట్టి తేలిందేమిటి? గుర్తు ఉండాలి. కానీ అది ఎవరికీ కనిపించకూడదు. కనిపించకుండానే తానున్నానని రుజువు చేసుకోవాలి. వినడానికి పొడుపుకథలా ఉంది గానీ, ఈ మొత్తం చరిత్ర ఆ పొడుపుకథ విప్పడం కోసమే నడిచింది.

*

మా చిన్నప్పుడు నాన్నగారి బొడ్లో ఒక తాళంచెవి ఉండేది. అమ్మ తాళాల గుత్తి వేరు. అది బీరువాది, బియ్యం గదిది, ఊరగాయల అలమారది. నాన్నగారిది ఒక్కటే చెవి, బ్యాంకు స్ట్రాంగ్ రూముది. దాన్ని మేము ముట్టుకోకూడదు.

"ఇది దొంగలెత్తుకుపోతే బ్యాంకు మొత్తం ఖాళీయేనా నాన్నా?" అని అడిగాను ఒకసారి.

"అస్సలు కాదమ్మా. దీంతో సగం తాళమే తెరుచుకుంటుంది. రెండో చెవి మేనేజరు గారి దగ్గర ఉంటుంది. ఇద్దరం పక్కపక్కన నిలబడితేనే తలుపు కదులుతుంది."

"మేనేజరు గారికి మీ మీద నమ్మకం లేదా?"

ఆయన నవ్వారు. "నమ్మకం ఉండబట్టే రెండు తాళాలు. ఒక్కడి చేతిలో రెండూ పెడితే, రేపు రూపాయి తగ్గినా ఆ ఒక్కడి మీదే అనుమానం. రెండు తాళాలు దొంగని ఆపడానికే కాదు, నిజాయితీపరుణ్ణి కాపాడడానికి కూడా."

ఇంకో సంగతి కూడా చెప్పేవారు. స్ట్రాంగ్ రూము డూప్లికేట్ తాళాలు అదే శాఖలో ఉంచకూడదు. వాటిని కవర్లో పెట్టి, లక్క సీలు వేసి, అతికించిన చోట అడ్డంగా సంతకాలు చేసి ఇంకో శాఖలో దాచాలి. ఎందుకు? ఇల్లు కాలితే తాళం, డూప్లికేట్ తాళం ఒకేసారి కాలిపోకూడదు. సీలు ఎందుకు? ఎవరైనా తెరిస్తే తెరిచినట్టు తెలియాలి. ఆపలేకపోయినా సరే, తెలియడం ముఖ్యం.

అప్పుడు నాకు ఇదంతా పెద్దవాళ్ళ చాదస్తంలా ఉండేది. కంప్యూటర్ల భద్రత అనే మహాశాస్త్రం చివరికి తిరిగి తిరిగి ఈ మూడు ముక్కల దగ్గరికే వచ్చిందని తెలిశాక, చాదస్తం ఎవరిదో అర్థమైంది.

*

1999లో నా డిగ్రీ అయిపోయింది. ఆ రోజుల్లో హైదరాబాదులో డిగ్రీ అయిన పిల్లని "పెళ్ళెప్పుడు?" అని అడిగేవాళ్ళు సగం మంది, "కంప్యూటర్ కోర్సు చేరావా?" అని అడిగేవాళ్ళు సగం మంది. 2000వ సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ తెలియక తికమకపడతాయని ప్రపంచమంతా భయం. ఆ భయం తీర్చడానికి అమెరికాకి మనుషులు కావాలి. ఆ మనుషులు తయారయ్యేది అమీర్‌పేటలో! మైత్రీవనం చుట్టూ గోడలు కనిపించకుండా బోర్డులు, చేతిలో కాగితాలు కుక్కే కుర్రాళ్ళు, ఒక్కో గదిలో వందమంది. నాన్నగారి బలవంతం మీద నేనూ ఒక నెల వెళ్ళాను. మాస్టారు ఒక రోజు "పాస్‌వర్డు ఉంటే చాలు, లోపల మీ సమాచారం భద్రం" అన్నారు. చరిత్ర పుస్తకం తప్ప మరొకటి ఎరగని నేను లేచి, "ఆ పాస్‌వర్డు సరైనదో కాదో చూసేది ఎవరండీ?" అని అడిగాను.

"కంప్యూటరే."

"ఆ కంప్యూటర్నే ఎవరైనా మార్చేస్తే?"

క్లాసంతా నవ్వింది. మాస్టారు జవాబు చెప్పలేదు. నేను నెల తిరక్కుండానే మానేశాను.

ఈమధ్య తేదీలు చూసుకుంటే తెలిసింది. సరిగ్గా ఆ ఏడే, 1999లోనే, కాంపాక్, హెచ్‌పీ, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ అనే అయిదు అమెరికా కంపెనీలు ఇదే ప్రశ్న వేసుకుని ఒక కూటమి కట్టాయి. 2003లో అది ట్రస్టెడ్ కంప్యూటింగ్ గ్రూప్ అయింది. నన్ను చూసి నవ్విన క్లాసు గుర్తొచ్చి, పాతికేళ్ళ తర్వాత నేనూ కాస్త నవ్వుకున్నాను. గొప్ప కోసం కాదు సుమండీ!

వాళ్ళ వాదన ఇదీ. కాపలాదారు కూడా ప్రోగ్రామే, దొంగ కూడా ప్రోగ్రామే. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే వేషంలో ఉంటారు. దొంగ ముందు లేస్తే కాపలాదారుకి మత్తుమందు పెట్టి, తానే కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ళు ఊరికే అనలేదు. కాబట్టి నమ్మకం మొదలయ్యే చోటు ప్రోగ్రాముల్లో ఉండకూడదు, వస్తువులో ఉండాలి. మార్చడానికి వీల్లేకుండా బోర్డుకి అతికిన ఒక చిన్న చిప్‌లో ఉండాలి. దాని పేరు ట్రస్టెడ్ ప్లాట్‌ఫామ్ మాడ్యూల్. చింతగింజ కన్నా చిన్నది.

అది చేసేది రెండే పనులు. మొదటిది, దాని కడుపులో ఒక రహస్య సంఖ్య ఉంటుంది. ఒక చిప్‌లో ఉన్నది ఇంకో చిప్‌లో ఉండదు. మన పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తింపు చిహ్నాలని పుట్టుమచ్చలు రాసేవారు చూడండి, అలాంటిదన్నమాట. తేడా ఏమిటంటే, ఈ పుట్టుమచ్చ బయటికి ఎప్పుడూ కనిపించదు. ఎవరైనా ప్రశ్న పంపితే లోపలే లెక్క కట్టి జవాబు మాత్రం బయటికి పంపుతుంది. జవాబు చూసి రహస్యం ఉందని నమ్మొచ్చు గానీ, రహస్యం ఏమిటో కనుక్కోలేం. పొడుపుకథ విడిపోయింది కదా!

రెండో పని ఇంకా చక్కనిది. మన వరలక్ష్మీ వ్రతం తోరం ఉందే, తొమ్మిది పోగులు, తొమ్మిది ముడులు. కంప్యూటరు మీట నొక్కగానే మొదట లేచే చిన్న ప్రోగ్రాము, తన తర్వాత లేవబోయేదాన్ని కొలిచి, ఆ కొలతతో చిప్‌లో ఒక ముడి వేయిస్తుంది. ఆ రెండోది మూడోదాన్ని కొలిచి, మొదటి ముడి మీదనే మరో ముడి. ఇలా చివరిదాకా. ముడి మీద ముడి వెయ్యడమే తప్ప విప్పడం ఉండదు. యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడితే కొత్త తోరమే. మధ్యలో ఎవడైనా దొంగ ప్రోగ్రాము దూరితే వాడి కొలత వేరు కాబట్టి ముడి వేరుగా పడుతుంది. చిప్ ఎవరినీ ఆపదు, కేకలు వెయ్యదు. తోరం ఎప్పటిలా ఉంటేనే డిస్కు తాళంచెవి ఇస్తుంది. లేకపోతే మౌనం. అంతే.

నాన్నగారి కవరు మీద లక్క సీలూ, అడ్డ సంతకమూ గుర్తొచ్చాయా మీకు? నాకు వెంటనే గుర్తొచ్చాయి.

*

ఇదంతా అమెరికా వ్యవహారమేననుకోకండి. పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు పట్టుకుని మాసబ్‌ట్యాంక్ వైపు దిగితే క్యాజిల్ హిల్స్ వస్తుంది. అక్కడ ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఉంది. ఆడవాళ్ళం ఆ దారిన చీరల కొట్లకి వందసార్లు వెళ్ళి ఉంటాం, బోర్డు చూసి ఉండం. బ్యాంకుల సాంకేతిక పరిజ్ఞానం కోసం రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన సంస్థ అది. 1999లో, అంటే నేను అమీర్‌పేటలో మాస్టార్ని విసిగిస్తున్న ఏడే, బ్యాంకులన్నిటినీ కలిపే ఇన్ఫినెట్ అనే ప్రత్యేకమైన నెట్‌వర్క్ ఇక్కణ్ణించే మొదలైంది.

దారి అయితే పడింది. మరి ఆ దారిన వచ్చే ఉత్తరం ఫలానా బ్యాంకుదేనని నమ్మడం ఎలా? 2000 అక్టోబరులో అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. 2002లో బ్యాంకులకి ఆ సంతకాల ధ్రువపత్రాలు ఇచ్చే అధికారం ఐడీఆర్‌బీటీకి వచ్చింది. 2004 మార్చిలో రిజర్వు బ్యాంకు ఆర్‌టీజీఎస్ మొదలుపెట్టింది, పెద్ద మొత్తాలు క్షణాల్లో ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి వెళ్ళే పద్ధతి. ఆ ఏడు ఆగస్టులోనే ఏటీఎంలని కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ని కూడా ఈ సంస్థే నెలకొల్పింది. 2009లో దాన్ని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కి అప్పగించారు. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో మనం నిశ్చింతగా డబ్బు తీసుకుంటున్నామంటే ఆ పని మన ఊళ్ళో మొదలైందే.

ఇక్కడా సూత్రం ఒకటే. సంతకం పెట్టే రహస్య సంఖ్యని మామూలు కంప్యూటర్లో వదిలెయ్యరు. గట్టి పెట్టెలో దాస్తారు. మనిషి చేతికయితే బొటనవేలంత టోకెన్, బ్యాంకుకయితే హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్ అనే ఇనప్పెట్టె లాంటి యంత్రం. మనం ఏటీఎంలో నొక్కే నాలుగంకెలు సరైనవో కాదో తేలేది అలాంటి పెట్టె లోపలే. బ్యాంకు ఉద్యోగి కంటికి కూడా ఆ అంకెలు కనిపించవు. వీటిలో కొన్ని ఎంత రోషం గలవంటే, ఎవరైనా పగలగొట్టి చూడబోతే లోపలి రహస్యాన్ని తామే చెరిపేసుకుంటాయి. శత్రువు చేతికి చిక్కేకంటే చావు మేలనుకునే పాతకాలపు రాణుల్లాగా!

*

మా అక్క కొడుకు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పని చేస్తాడు. ఆమధ్య వాడు ఆఫీసు ల్యాప్‌టాప్ ఆటోలో మర్చిపోయాడు. పంజాగుట్ట దగ్గర దిగి చూసుకుంటే ఆటో లేదు. అక్క దేవుళ్ళందరికీ మొక్కేసింది. వాడు మాత్రం ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పి, భోజనం చేసి నిద్రపోయాడు!

"కంపెనీ రహస్యాలన్నీ అందులో ఉంటాయేమో కదరా!" అన్నాను.

"ఉంటాయి పిన్నీ. కానీ డిస్కు ఊడదీసి ఇంకోదాంట్లో పెడితే అంతా గజిబిజి అక్షరాలే. పాత చిప్ తోడు లేకుండా తెరుచుకోదు. పైగా రోజూ పొద్దున్న ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళేటప్పుడు నా ల్యాప్‌టాప్ తన తోరం చూపించాలి. ముడి తేడాగా ఉందంటే గుమ్మంలోనే ఆపేస్తారు. నా పాస్‌వర్డు సరైనదే అయినా సరే."

"నీదే పాడైతే?"

"రికవరీ కీ కంపెనీ దగ్గర ఉంటుంది. వాళ్ళిస్తారు."

కంపెనీలకి ఈ చిప్ ఎందుకంత ముద్దో అప్పుడు తెలిసింది. వాళ్ళకి రెండు తాళాలూ ఉన్నాయి, డూప్లికేట్ దాచే ఇంకో శాఖా ఉంది. 2007లో విండోస్ విస్టాతో ఈ డిస్కు తాళం ఆఫీసుల్లో ప్రవేశించింది. 2009లో చిప్ లక్షణాలు అంతర్జాతీయ ప్రమాణమయ్యాయి. 2014లో రెండో తరం వచ్చింది. 2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11 అయితే ఆ రెండో తరం చిప్ ఉంటేనే గాని రానంది. అలా ఆఫీసు కాపలాదారు మన ఇళ్ళలోకి, పిల్లల చదువుల బల్లల మీదకి, నా బోటి రచయిత్రుల వంటింటి పక్క గదిలోకి వచ్చేశాడు. డూప్లికేట్ తాళం దాచుకునే అలవాటు మాత్రం వాడితోపాటు రాలేదు.

*

ఈ చిప్‌ని అందరూ హారతిచ్చి లోపలికి పిలవలేదు. 2002లోనే రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా మేధావి దీన్ని విశ్వాస యంత్రం కాదు, విశ్వాసఘాతుక యంత్రమన్నాడు. కేంబ్రిడ్జ్‌లో ఆచార్యుడైన రాస్ ఆండర్సన్ కూడా గట్టిగా ప్రశ్నించాడు. వాళ్ళ ప్రశ్న ఇదీ: ఈ కాపలాదారు ఎవరి జీతగాడు? నా డబ్బుతో కొన్న యంత్రంలో కూర్చుని, రేపు నేను ఏ ప్రోగ్రాము వాడాలో, ఏది వాడకూడదో కంపెనీ చెప్పినట్టు శాసిస్తే? కొత్త కోడలికి కాపలాగా పెట్టిన దాసీ అత్తగారికి కబుర్లు చేరవేస్తుందని మన పాత కథల్లో ఉండనే ఉంది. నీలం తెర ముందు నిలబడ్డ రోజున ఆ ప్రశ్న ఎంత న్యాయమైనదో నాకు బాగా తెలిసొచ్చింది.

కాపలాదారుకి జబ్బు చెయ్యదనీ లేదు. 2017లో ఇన్ఫినియన్ అనే పెద్ద కంపెనీ చిప్‌లలో రహస్య సంఖ్యలు తయారుచేసే పద్ధతిలో లోపం ఉందని చెక్ దేశపు పరిశోధకులు కనిపెట్టారు. ఎస్తోనియా అనే చిన్న దేశంలో ఏడు లక్షలకి పైగా పౌరుల గుర్తింపు కార్డుల్లో ఆ చిప్‌లే! ఆ ఏడు నవంబరులో ప్రభుత్వం వాటి ధ్రువపత్రాలని నిలిపేసి కొత్తవి ఇచ్చింది.

అన్నిటికన్నా పెద్ద పాఠం మాత్రం మన ఊరిదే. అమీర్‌పేటలో సత్యం థియేటర్ ఉండేది, మా వయసు వాళ్ళందరికీ గుర్తే. 2023లో ఆ స్థలంలో కొత్త సినిమా హాళ్ళు వెలిశాయి. హైదరాబాదులో ఇంకో సత్యం కూడా ఉండేది, సత్యం కంప్యూటర్స్. అమీర్‌పేటలో కోర్సు చేసే ప్రతి పిల్లాడి కలా ఆ కంపెనీయే. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాశాడు. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని! ఉద్యోగులు గుండెలు చేత్తో పట్టుకున్నారు. షేర్లు కొన్న మధ్యతరగతి వాళ్ళ పొదుపు రాత్రికి రాత్రి ఆవిరైపోయింది. ఆ ఏడు ఏప్రిల్లో టెక్ మహీంద్రా చేతికి కంపెనీ వెళ్ళింది.

ఆ కంపెనీలో ప్రతి కంప్యూటరుకీ ఈ చిప్ ఉండి ఉంటే మోసం ఆగేదా? ఆగేది కాదు. యంత్రాలన్నీ పొద్దున్నే శుభ్రంగా లేచేవి, తోరాలన్నీ సరిగ్గా ఉండేవి, ఆ శుభ్రమైన యంత్రాల మీదే దొంగ లెక్కలు ముచ్చటగా టైపు అయ్యేవి. యంత్రం మారలేదని చిప్ హామీ ఇస్తుంది. యంత్రం ముందు కూర్చున్న మనిషి మారలేదని ఇవ్వలేదు. కంచే చేను మేస్తే కంచెకి తాళం వేసి లాభమేమిటి? అక్కడ కావలసింది చిప్ కాదు, రెండో తాళంచెవి పట్టుకుని పక్కన నిలబడి "ఆ కాగితం ఒకసారి ఇటివ్వండి" అనగల ఇంకో మనిషి.

*

ఇంతకీ నా అరవై పేజీల సంగతి చెప్పలేదు కదూ!

2022లో ఆ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు అక్క కొడుకే వచ్చి అన్నీ సర్దిపెట్టాడు. డిస్కుకి తాళం వేస్తూ ఏవో అంకెలు ఎక్కడైనా దాచుకోమన్నాడు. నేను పొయ్యి మీద పోపు మాడుతోందని సరేనంటూ లోపలికి పరుగెత్తాను. ఆన్‌లైన్ ఖాతాలో ఉందేమోనని ఇప్పుడు వెతికితే, దాని పాస్‌వర్డు గుర్తు లేదు, దానికిచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయింది. వాడికి ఫోన్ చేశాను.

"నేను దాచలేదు పిన్నీ. కానీ ఆ రోజు తాతయ్య పక్కనే ఉన్నారు. 'డూప్లికేట్ ఏ శాఖలో పెడుతున్నావురా?' అని అడిగారు. నేను నవ్వేశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తెర చూసి అంకెలు డైరీలో రాసుకున్నారు."

డైరీ! నాన్నగారి డైరీలు! ఆయన సంవత్సరీకాలయ్యాక, ఇల్లు సర్దుతూ, పాత కాగితాలన్నీ తూకానికి వేసింది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదిరూపాయల కోసం కాదు, చోటు కోసం వేశాను. ఆ చోటులో ఇప్పుడు ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది.

తెల్లవారాక, ఏదో తట్టి మలక్‌పేటలో ఉన్న అక్కకి ఫోన్ చేశాను.

"నాన్న నీకేమైనా కాగితం ఇచ్చారా అక్కా?"

"కాగితమా... ఆఁ, ఒక కవరిచ్చాడే. చెల్లి తనంతట తాను అడిగితే తప్ప ఇవ్వొద్దన్నాడు. బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. ఆస్తి కాగితాలేమోనని నేను తెరవలేదు సుమా!"

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. పొడుగాటి ఖాకీ కవరు. అతికించిన చోట అడ్డంగా నాన్నగారి సంతకం, కింద తేదీ. సంతకం ఎక్కడా చెదరలేదు. అక్క మాట నమ్మడానికి నాకు ఆ సంతకం అక్కర్లేదు గానీ, అది చెదరనందుకు అక్క మొహంలో ఎంత గర్వమో! రెండు తాళాలు నిజాయితీపరుణ్ణి కాపాడడానికని ఆయన అన్నది అదే కాబోలు.

లోపల ఒక్క కాగితం. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. లెడ్జరులో రాసినట్టు నిలువుగా, ఒకదాని కింద ఒకటి. ఏడుకీ ఒకటికీ తేడా తెలిసేలా ఏడుకి నడుమన గీత. చివర "సరిచూడబడినది" అని రాసి పొట్టి సంతకం.

అమీర్‌పేట కొట్లో కుర్రాడు అంకెలు నొక్కాడు. తెర వెలిగింది. అరవై పేజీలూ ఉన్నాయి. చివరి పేజీ సగంలో ఆగి ఉంది. ఆయన రిటైరైన రోజు సాయంత్రం, స్ట్రాంగ్ రూము తాళంచెవి కొత్త క్యాషియరు చేతిలో పెట్టి, పుచ్చుకున్నట్టు సంతకం తీసుకుని ఇంటికొచ్చిన సంగతి చెప్పి, "మిగతాది రేపు చెప్తానమ్మా" అన్నారు ఆ రోజు.

"ఈ అంకెలు రాసి పెట్టినాయన ఎవరు మేడమ్? మా దగ్గరికొచ్చేవాళ్ళలో పదిమందిలో ఒకరి దగ్గర కూడా ఉండదు" అన్నాడు కుర్రాడు.

"బ్యాంకులో హెడ్ క్యాషియర్" అన్నాను. ఇంకేమైనా చెప్పబోతే గొంతు పట్టుకుంది.

ఇప్పుడు ఆ పేజీలకి ఇంకో ప్రతి ఉంది. అంకెలకీ ఉంది. రెండూ ఒకే ఇంట్లో లేవు. అక్క బీరువాలో మాత్రం కాదు, ఆ సంగతి ఇప్పుడు పత్రికకెక్కింది కాబట్టి మార్చేశాను. మరెక్కడ పెట్టానో మీరెంత ఆత్మీయులైనా చెప్పను. ఏమీ అనుకోకండేం!